బోర్డు మీద మార్తమ్మ పేరు

2022వ సంవత్సరం, వానలు అప్పుడే పట్టుకున్న రోజులు. మెదక్‌లో రాందాస్ చౌరస్తాకు దగ్గరలో ఒక సందు మొదట్లో నా దుకాణం. పేరు రోజా ఆర్ట్స్. దుకాణాలకు బోర్డులు తయారు చేయడం నా పని. మొదట్లో రేకుల మీద, గోడల మీద కుంచెతో రాసేవాణ్ణి. ఫ్లెక్స్ వచ్చాక కుంచెలు అటక ఎక్కాయి. ఇప్పుడు కంప్యూటర్‌లో డిజైన్ చేసి, అచ్చు వేయించి, ఇనుప ఫ్రేముకు బిగిస్తాం. అచ్చుకు పోయే ముందు కస్టమర్‌కు చూపించే నమూనాను ప్రూఫ్ అంటాం. ఒకప్పుడు కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్లం, ఇప్పుడు వాట్సాప్‌లో ఓకే అంటే చాలు. ప్రూఫ్ ఓకే కాకుండా అచ్చు వేయకూడదన్నది మా పనిలో మొదటి పాఠం.

బోర్డులు చేసేవాడికి అక్షరాలతోనే పని అనుకుంటారు. మాలాంటి చిన్న ఊళ్లో సగం పని పేర్లు వెతకడమే. మడిగె, అంటే దుకాణం గది, కిరాయికి తీసుకుంటారు, సామాను దించుతారు, అన్నీ అయ్యాక పేరు గుర్తొచ్చి నా దగ్గరికి వస్తారు. "నువ్వే ఏదన్న మంచి పేరు చెప్పరాదే" అంటారు. అందుకోసం నా దగ్గర ఒక పొడుగాటి నోట్‌బుక్ ఉండేది. దేవుళ్ల పేర్లు, పిల్లల పేర్లు కలిపిన పేర్లు, ముందు 'న్యూ' తగిలించిన పేర్లు. వాటిని నేను నడిచే పేర్లు అనేవాణ్ణి. మనిషి వచ్చి తన పేరు, ఊరి పేరు చెప్పగానే ఎవరికి ఏ పేరు అంటగట్టాలో నాకు తెలిసిపోయేది. కొందరికి వాళ్ల సొంత పేరు పెట్టుకొమ్మనేవాణ్ణి. కొందరికి మాత్రం ఎప్పుడూ చెప్పేవాణ్ణి కాదు, నోట్‌బుక్ తెరిచి దేవుడి పేరు చూపించేవాణ్ణి. అది నా తెలివి అని మురిసిపోయిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, ముందు నా మీదే.

రూతమ్మ నాకు ముందు నుంచీ తెలుసు. చర్చి వెనక బస్తీలో ఉంటుంది. వాళ్లమ్మ మార్తమ్మ పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వంట చేసేది. పెద్ద పెద్ద క్యాటరింగు వాళ్ల వెనక, పొగలో, నలభై ఏళ్లు. ఈ చుట్టుపక్కల ఆమె చేతి బగారన్నం తినని ఇల్లు లేదంటే నమ్మండి. కరపత్రాల మీద, వ్యాన్ల మీద మాత్రం క్యాటరింగు వాళ్ల పేర్లే ఉండేవి. మార్తమ్మ పోయిన ఏడాదికి కూతురు సొంతంగా కర్రీ పాయింట్ పెట్టడానికి సిద్ధపడింది. కూరలు వండి, ఇంటికి తీసుకుపోయేవాళ్లకు కట్టిచ్చే దుకాణం. బస్టాండు దారిలో ఒక మడిగె దొరికింది.

"నర్సింలన్నా, బోర్డు గావాలె" అంటూ వచ్చింది.

"ఏం పేరు వెడుతవ్ చెల్లె?"

"మా అమ్మ పేరు. మార్తమ్మ కర్రీ పాయింట్."

అలవాటుగా నా చెయ్యి నోట్‌బుక్ మీదికి పోయింది. "పేరు మంచిగనే ఉంది గని, జర ఆలోచించు. అన్నపూర్ణ అనో, శ్రీలక్ష్మి అనో పెట్టుకుంటే అందరు వస్తరు" అన్నాను.

"అందరంటే ఎవరన్నా?"

నేను నోట్‌బుక్ పేజీలు తిప్పాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు కూడా. "మా అమ్మ నలభై ఏండ్లు అందరికి వండింది. ఎవలు తినలే చెప్పు? ఒక్కపారన్నా ఆమె పేరు ఎవరన్న సదువుకుంట లోపటికి రావాలె. నాకు గదే గావాలె" అంది. సరే అన్నాను. ఎర్రటి రంగు మీద పసుపు అక్షరాలతో డిజైన్ చేసి, మూలన ఆవిరి లేస్తున్న గిన్నె బొమ్మ పెట్టి ప్రూఫ్ పంపాను. పది నిమిషాల్లో ఓకే వచ్చింది. వెనకాలే ఫోన్ చేసి, "అమ్మ పేరు జర పెద్దగ కనవడేటట్టు చెయ్యన్నా" అంది. చేశాను.

మర్నాడు మడిగె ఓనరు ఫోన్ చేశాడు. ఆయన పేరు రాయను. పేర్లు రాసి బతికేవాణ్ణే గానీ ఆయన పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ దారిలో ఆయనవి వరసగా మడిగెలు. అందులో దిగే వాళ్లంతా బోర్డులకు నా దగ్గరికే వచ్చేవారు, ఆయనే పంపేవాడు.

"నర్సింలు, రూతమ్మ బోర్డు నీకాడనే అయితుందట గద. ఏం పేరు?"

చెప్పాను.

"గా పేరు వద్దు. తినే దుకానం మీద గా పేరేంది? పక్క మడిగెలకు గూడ గిరాకి రాదు. మంచి పేరు ఏదన్న చూసి రాయి."

"ఆమెకు చెప్పాలె గద సార్."

"నేను చెప్తలే. నువ్వు రాసెయ్."

'గా పేరు' అన్నప్పుడు ఆయన గొంతులో ఏముందో నాకు తెలియక కాదు. నా అంత బాగా ఇంకెవరికీ తెలియదు. అయినా నోట్‌బుక్ తెరిచి, "అన్నపూర్ణ ఉంది సార్" అన్నాను. "భేష్" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఒక్కసారి రూతమ్మకు ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. చెయ్యలేదు. ఆయన చెప్తానన్నాడు కదా అని ఒక సాకు. ఆమె మంచికే కదా అని ఇంకో సాకు. రెండో ప్రూఫ్ పంపకుండానే అచ్చుకు ఇచ్చేశాను. ఇన్నేళ్ల పనిలో ప్రూఫ్ లేకుండా అచ్చు వేసిన బోర్డు అదొక్కటే.

మా దగ్గర కొత్త బోర్డును ముందు రోజే బిగించి, మీద పాత పేపర్లు అంటించి కప్పేస్తాం. ఓపెనింగ్ రోజు అందరి ముందు తీస్తారు. దిష్టి తగలకూడదని. ఆ సాయంత్రం రూతమ్మ కూరగాయలకని మార్కెట్‌కు పోయింది. ఆమె లేని సమయం చూసుకుని నేను బోర్డు బిగించి, పేపర్లు కప్పి వచ్చాను. సమయం చూసుకున్నానంటే, చేస్తున్నది తప్పని నాకు తెలిసే చేశానన్నమాట.

సోమవారం పొద్దున ఓపెనింగ్. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. బస్తీ వాళ్లు, ఫంక్షన్లలో మార్తమ్మతో పని చేసిన ఆడవాళ్లు ఓ ఇరవై మంది వచ్చారు. లోపల గిన్నెల్లో చింతచిగురు పప్పు, గుత్తివంకాయ, కోడికూర వేడి వేడిగా ఉన్నాయి. రిబ్బన్ కత్తిరించడానికి ఓనరునే పిలిచింది రూతమ్మ. ఆయన కత్తిరించాడు. తరవాత ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, స్టూల్ ఎక్కి, తనే పేపర్లు లాగింది.

శ్రీ అన్నపూర్ణ కర్రీ పాయింట్.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు. రూతమ్మ స్టూల్ మీదే నిలబడి బోర్డు వైపు చాలాసేపు చూసింది. కిందికి దిగి నా దగ్గరికి వచ్చింది.

"నర్సింలన్నా, గీ అన్నపూర్ణ ఎవరు? ఆమె వచ్చి వండుతదా?"

ఓనరే ముందుకు వచ్చాడు. "నేనే మార్చమన్న. నీ మంచికే. నాలుగు దినాలు వోతే నీకే సమజైతది."

"మా అమ్మ పేరుకు ఏమైంది సారు?"

"ఏం కాలే. తినేకాడ గసుంటి పేర్లుంటే జనం ఆలోచిస్తరు, గంతే."

"మీ మనుమని తొట్టెల ఫంక్షన్ల బగారన్నం ఎవరు వండిండ్రో ఎరికేనా? మా అమ్మ. మీరు రెండోపారి పెట్టించుకొని తిన్నరు. నేనే వడ్డించిన."

ఆయన మొహంలో సిగ్గు కనిపిస్తుందేమోనని చూశాను. లేదు. చాలా మామూలుగా అన్నాడు. "అయితేంది? గప్పుడు బోర్డు లేకుండె గద."

ఈ మాట నేను ఇన్నాళ్లకూ మరిచిపోలేదు. ఆమె చేతి వంట లోపలికి పోవచ్చు, కడుపులో అరగవచ్చు, పేరు మాత్రం గోడ మీదికి రాకూడదు. ఇంత సిగ్గుమాలిన మాటను ఇరవై మంది ముందు, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా అనగలిగాడంటే, ఇన్నేళ్లూ దానికి అడ్డు చెప్పినవాడు లేకపోవడమే కారణం. అడ్డు చెప్పకపోగా, ఆ మాటను అందంగా, పసుపు అక్షరాల్లో అచ్చు వేసి ఇచ్చినవాణ్ణి నేను.

"గీ పేరే ఉండనియ్. లేకుంటే మడిగె ఖాళీ చెయ్" అన్నాడు చివరికి.

రూతమ్మ ఒక్క నిమిషం లోపలి గిన్నెల వైపు చూసింది. నెల రోజులు తిరిగి తెచ్చుకున్న పొయ్యిలు, కొత్తగా వేయించుకున్న బండలు, తెల్లవారుజామున లేచి వండిన కూరలు. తరవాత నా వైపు తిరిగి, "అన్నా, దించు" అంది.

నేను కదల్లేదు. ఆ దారిలో మిగతా మడిగెల బోర్డులు కళ్ల ముందు తిరిగాయి. ఆ క్షణం గురించి దాచి రాస్తే ఈ రాతకు అర్థం లేదు. నేను కదల్లేదు. ఆమె పోయి, ముందు రోజు నేను అక్కడే వదిలిన నిచ్చెనను గోడకు ఆనించి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడు తల కొట్టేసినట్టయింది. ఆమెను పక్కకు జరగమని నేనే ఎక్కాను. బోల్టులు ఒక్కొక్కటే విప్పి బోర్డు దించాను. ఓనరు నన్ను పేరు పెట్టి పిలిచాడు. నేను తిరిగి చూడలేదు. ధైర్యం అనుకునేరు, మొహం చెల్లక.

ఆ పూట కూరల గిన్నెలన్నీ ఒక ఆటోలో పెట్టించుకుని రూతమ్మ బస్టాండు ముందు నిలబడింది. ఏ పేరూ లేని ఆటో. హవేలిఘనపూర్ నుంచి, కుల్చారం నుంచి పనుల మీద వచ్చినవాళ్లు ఆగి ఆగి కొన్నారు. మధ్యాహ్నానికి గిన్నెలు అడుగంటాయి. నేను దూరంగా నిలబడి చూశాను. దగ్గరికి పోలేకపోయాను.

వారం తరవాత వాళ్లింటికి వెళ్లాను. ఇంటి ముందరి అర్రనే దుకాణంగా మారుస్తోంది. బోర్డు నేను రాసిస్తానన్నాను, ఈసారి కుంచెతో, నా చేత్తో.

"మల్ల ఏం పేరు రాస్తవో" అంది.

"నువ్వు చెప్పిందే రాస్త."

ఆమె చాయ్ గ్లాసు నా చేతికిచ్చి అడిగింది. "నీది రోజా ఆర్ట్స్ గద. రోజా ఎవరన్నా?"

గట్టిగా అడగలేదు. ఊరికే తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. కానీ నేను గ్లాసు కింద పెట్టేశాను.

రోజా ఎవరూ కాదు. మా ఇంట్లో ఆ పేరుగల మనిషే లేదు. మా నాన్న ఎల్లయ్య కుల్చారం మండలంలో ఒక పల్లెలో చెప్పులు కుట్టేవాడు. ఆయన కుట్టిన చెప్పులు అరిగేవి కావని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు బోర్డులు రాయడం నేర్పిన ఉస్తాద్, దుకాణం పెట్టే రోజున, "ఎల్లయ్య పేరుతోని వెడితే నీ కాడికి ఎవలు రారు, నీ బతుకు అందరికి ఎరుకైతది" అన్నాడు. ఆ రోజు నేను వేస్తున్న బొమ్మ గులాబీ పువ్వు. దాన్ని చూసి రోజా అన్నాడు. నేను తల ఊపాను. ఆ రోజు నా చేత మింగించిన మందునే ఇన్నేళ్లూ నోట్‌బుక్‌లో పెట్టుకుని ఊరందరికీ పంచాను. నా మంచికే అని ఆయన నాకు చెప్పాడు, నీ మంచికే అని నేను వాళ్లకు చెప్పాను.

రెండు రోజులు కూర్చుని రేకు మీద రాశాను. ఎనిమిదేళ్ల తరవాత కుంచె పట్టడం. మొదటి గీతలు చెరిపి మళ్లీ గీశాను, తరవాత చెయ్యి దారిన పడింది. 'మార్తమ్మ' అన్న మాట బారెడు పొడవు వచ్చింది. రూతమ్మ దాన్ని చేత్తో తడిమి, రంగు ఆరలేదని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె చూపుడు వేలికి అంటిన పసుపు రంగు మాత్రం ఆ పూటంతా కడుక్కోలేదు.

అందరూ వచ్చారని రాస్తే అబద్ధం. ఒకతను బైకు ఆపి, బోర్డు చదివి, మళ్లీ కిక్కు కొట్టి పోవడం నేను కళ్లారా చూశాను. ఆ మనిషిని ఎన్నో ఫంక్షన్లలో, మార్తమ్మ వండిన పంక్తిలో చూశాను. పట్టుకుని అడగాలన్నంత కోపం వచ్చింది. రూతమ్మే వద్దంది. "వోనియ్ అన్నా. సదివిండు గద. పేరు ఎరుకైంది" అంది. దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. ఓనరు మడిగెల నుంచి నాకు పని రావడం ఆగిపోయింది. ఆ మడిగె మీద ఇప్పుడు వేరే ఎవరిదో అన్నపూర్ణ ఉంది, నేను రాసింది కాదు.

ఈ సంగతి నాకు నేర్పింది చాలా చిన్నది. కొత్తగా దుకాణం పెట్టేవాళ్లు పేరు చెప్పమంటే ఇప్పుడు నోట్‌బుక్ తియ్యను. "నీ మనసుల ఏ పేరుంది?" అని అడిగి ఊరుకుంటాను. చాలామంది ముందు నేల చూపులు చూస్తారు. ఆ తరవాత మెల్లగా ఒక పేరు బయటికి వస్తుంది. తల్లిది, తండ్రిది, ఒక్కోసారి తమదే. దాన్నే రాస్తాను. కొందరు భయపడి వెనక్కి తగ్గుతారు, వాళ్లను బలవంతం చెయ్యను. భయం ఎలాంటిదో నాకు తెలుసు.

నా దుకాణం మీద రేకు మార్చడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది. ఎల్లయ్య ఆర్ట్స్. అది బిగించిన రోజు, పేపర్లు కప్పకుండానే బిగించాను. ఎదురుగా టైలరు దుకాణం నడిపే అతను రోడ్డు దాటి వచ్చి, తలెత్తి చదివి అడిగాడు.

"ఏంది నర్సింలన్నా, పేరు మార్చినవ్?"

"మార్చలే. రాసుకున్న" అన్నాను. "మా నాయిన పేరు."