అక్క ఆవుకు కళ్లు పెట్టించడం

ఆవు బొమ్మ వేయించాలని ఫోటో తీసుకుని వెళ్తే, పెయింటరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగిన మొదటి మాట, "ఉండాదా, పోయిందా?"

మదనపల్లె బస్టాండు వెనక సందులో ఆయన అంగడి. బోర్డులు రాసేవాడు, ఎన్నికలొస్తే గోడలు రాసేవాడు. పేరు మాత్రం ఫోటో చూసి వేసే పెద్ద బొమ్మలతో వచ్చింది. వాటిలో ఎక్కువ పోయినవాళ్లవే, పదకొండో రోజుకు కావాలని తొందరపెట్టి వేయించుకునేవి. అందుకే ఆయనకు ఆ ప్రశ్న అలవాటు. ఒంటి తీరంతా ఫోటో చూసి వేసేసి, కళ్లు ఆఖరుకు ఉంచుకుంటాడు. పోయినవాళ్లయితే ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లు చెప్పినట్టు వేస్తాడు. ఉన్నవాళ్లయితే స్వయంగా చూసి వేస్తాడు. ఈ పద్ధతి అప్పుడు నాకు తెలియదు.

"ఉండాది" అన్నాను.

అప్పటికి ఆ ఆవు పోయి ఆరు నెలలు.

అది మా అక్క ఆవు. పుంగనూరు జాతిది, తెల్లగా, నా నడుము ఎత్తుకు కూడా రానంత పొట్టిగా ఉండేది. పుట్టిన వారానికే తల్లి చస్తే అక్క సీసాతో పాలు పట్టి బతికించుకుంది. పెళ్లయి కుప్పం వెళ్లినప్పుడు, అక్కడి అద్దె ఇంట్లో పశువును కట్టేసే చోటు లేక, పుంగనూరులోనే నాకు అప్పగించింది. "సొంత ఇల్లు కట్టుకునే దాకా సూసుకోరా. అన్నం మాత్రం పెట్టొద్దు, దానికి పడదు" అని బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంది.

రెండేళ్లు బాగానే చూసుకున్నాను. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గానీ అది నిజం. నాది విత్తనాల అంగడి. తొలకరి పడిందంటే ఊపిరాడదు. అలాంటి ఒకరోజు గడ్డి కోసుకురావడానికి బద్ధకమేసింది. మా వీధిలో పెళ్లన్నం మిగిలితే తెచ్చి తొట్టినిండా పోశాను. ఆబగా తింది. మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బింది, పశువుల డాక్టరు వచ్చేసరికి కాళ్లు చాచేసింది.

ఆ రోజే ఫోన్ చేసి చెప్పాల్సింది. కుప్పంలో అక్కావాళ్లు ఆ వారమే కొత్త ఇంటికి ద్వారబంధం ఎత్తుతున్నారు. శుభమా అని ఇల్లు లేస్తుంటే చావు కబురెందుకు అనుకున్నాను. తర్వాత స్లాబు అన్నారు. తర్వాత సున్నాలు. అక్క ప్రతి ఆదివారం అంగడికి ఫోన్ చేసేది. నన్నెప్పుడూ ఎలా ఉన్నావని అడగదు. "ఎట్లుండాదిరా అది?" అనేది. "బాగుండాదిక్కా, మేస్తా ఉండాది" అనేవాణ్ని. మొదటిసారి చెప్పడానికి కష్టమైంది. మూడోసారికి సులువైపోయింది. నా మీద నాకే అసహ్యం వేసేది, మళ్లీ ఆదివారం అదే మాట అనేవాణ్ని.

గృహప్రవేశం ఖాయం కాగానే ఫోన్ వచ్చింది. "ఇంట్లో తొలి అడుగు దానిదే. టెంపోలో తోలుకురా." నిండు చూలుతో ఉందని, అంత దూరం టెంపోలో కుదుపులకు తట్టుకోదని ఇంకో అబద్ధం ఆడాను. అక్క "వస్తుందేమో, సూడు" అని పెట్టేసింది. బొమ్మ ఆలోచన అప్పుడే తట్టింది. నిలువెత్తు బొమ్మ చూసి అక్క మెత్తబడుతుంది, ఆ మెత్తదనంలో నిజం మెల్లగా దించేయొచ్చు అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పెయింటరు ఫోటో నా ముందు పెట్టాడు. అక్క కుప్పం వెళ్లేరోజు స్టూడియో అతన్ని పిలిపించి తీయించుకున్నది. ఆవు అక్క చెయ్యి నాకుతోంది. హాయిగా కళ్లు మూసుకుని ఉంది.

"కళ్లు లేవు గదప్పా ఇందులో. ఉండాదంటివి గదా, నేనే వచ్చి సూసి ఏస్తా. ఆదివారం పుంగనూరుకు వస్తాండాను."

అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఆదివారం పొద్దున్నే మా వెనకింటి రైతును బతిమాలి, అదే జాతి తెల్లావును తెచ్చి మా గూటానికి కట్టేశాను. ఆవు కళ్లు ఆవు కళ్లే కదా, ఎవరు పోల్చుకుంటారు అనుకున్నాను. పెయింటరు కళ్లు తప్ప పూర్తయిన బొమ్మను గోడకు ఆనించి, డబ్బా తెరిచి స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆ ఆవు ఒక్కచోట నిలవదు. తాడు లాగుతుంది, వాళ్లింటి వైపు మెడ చాచి అరుస్తుంది. నేను మెడ నిమరబోతే కొమ్ము విసిరింది.

"ఏంటప్పా, నీకు మాలిమి లేనట్టుండాదే?"

"కొత్త మనిషి గదా, మిమ్మల్ని సూసి బెదురుతాంది" అన్నాను. గోడ అవతల వెనకింటాయన దగ్గాడు. నేను అటు చూడకుండా తాడు బిగించాను. పెయింటరు నా వైపు ఒకసారి చూసి కుంచె తీశాడు.

గృహప్రవేశానికి ముందురోజు సాయంత్రం బొమ్మను దుప్పట్లో చుట్టుకుని కుప్పంలో బస్సు దిగాను. అక్క వీధి మొదట్లోనే నిలబడి ఉంది. ఇంటి పక్కన కొత్త గూటం కొట్టించి, పచ్చగడ్డి మోపు తెప్పించి పెట్టుకుంది. నా వెనక టెంపో ఏదైనా వస్తోందేమోనని తొంగి చూసింది. రాదని తెలిసీ చూసింది.

మదనపల్లెలో వేయించానంటూ నేను దుప్పటి విప్పగానే అక్క మొహం వెలిగింది. పొట్టి కొమ్ముల మీద, నేలను తాకే తోక మీద వేలు ఆనించి చూసుకుంది. వేలు పైకి వచ్చి కళ్ల దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"బాగుండాది" అని లోపలికి వెళ్లిపోయింది.

తెల్లవారి వీధిలో పాలు పోసే ఆయన ఆవును తెచ్చి ఇంట్లో తొలి అడుగు వేయించారు. అక్క దానికి పసుపు కుంకుమ పెట్టింది, అరటిపళ్లు తినిపించింది. నాకు దగ్గరుండి వడ్డించింది, ఓళిగ ఇంకోటి వేసింది. నేను ఉన్న రెండు రోజుల్లో ఆవు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. చూలుతో ఉందన్న ఆవు ఈనిందా అని కూడా అడగలేదు. తిట్టినా బాగుండేది. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది, చుట్టాలున్నారని మింగేశాను. చుట్టాలు వెళ్లాక బస్సు టైమైందని మింగేశాను.

ఆ ఆదివారం ఫోన్ మోగింది. "బొమ్మ తీసుకొని వస్తాండా. మదనపల్లె బస్టాండులో ఉండు. కళ్లు సరిగా లేవు, మార్పించాల."

బస్సు దిగిన అక్క బొమ్మను నా చేతికివ్వలేదు. తనే మోసుకుంటూ నా వెనక పెయింటరు అంగడికి నడిచింది. ఆయన దుప్పటి విప్పి చిన్నబుచ్చుకున్నాడు.

"ఆవును ముందర పెట్టుకోని ఏసినా గదమ్మా. మీ తమ్ముడే సూపించినాడు."

"అవి మా ఆవు కళ్లు గాదప్పా."

పెయింటరు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. కుంచె తుడుచుకుంటూ నెమ్మదిగా, "మారుస్తానమ్మా. మళ్లీ అడగతాండానని అనుకోవద్దు. ఉండాదా, పోయిందా?" అన్నాడు.

అక్క నా వైపు తిరిగింది. ఆమెకు గృహప్రవేశం ముందురోజే తెలిసిపోయిందని, ఇన్నాళ్లూ నా నోటి నుంచి రావాలనే కాచుకుని ఉందని అప్పుడు అర్థమైంది.

"పోయింది. తొలకర్లోనే పోయింది. నేనే అన్నం పెట్టినా అక్కా" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి పెయింటరు స్టూలు ఆమె పక్కకు జరిపి, "అయితే మీరు సెప్పండమ్మా, నేను ఏస్తా" అన్నాడు.

చెప్పింది. కాటుక దిద్దినట్టు కంటి చుట్టూ నల్లటి అంచు. ఎడమ కంటి కింద ఎప్పుడూ ఆరని నీటి చార. పిలిస్తే ముందు ఒక కన్ను తిప్పి, తర్వాత తల తిప్పేది. ఆమె చెబుతుంటే ఆయన పాత కళ్లు చెరిపి కొత్తవి దిద్దుతున్నాడు. మధ్యలో అక్క ఆగిపోయింది, ఏదో సందేహం వచ్చి నన్ను అడిగింది. ఆ గొంతులో కోపం లేదు.

"కుడికంటి రెప్ప వెంట్రుకలు తెల్లగుండెనా, నల్లగుండెనా? ఆఖర్న నువ్వే గదరా సూసింది."

రెండేళ్లు పొద్దునా సాయంత్రం నేనే మేత వేశాను, నేనే నీళ్లు పెట్టాను. ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.