ఎనిమిది రోజుల పడక

ఎర్రబోరు దగ్గరి దోర్ల గిరిజనుల పల్లె సన్నేది. తల్లి జబ్బు పడిన ఏడు రెండో తరగతిలోనే బడి మానేసింది. తల్లి పోయాక మేనత్త వెంట కోంటాకు వచ్చి, శబరి ఒడ్డున ఉన్న పన్నెండు మంచాల ఆసుపత్రిలో ఆయాగా చేరింది. నలుగురిలో నోరు విప్పేది కాదు. కానీ ఆమె చూసింది ఏదీ మరిచిపోయేది కాదు. ఎవరు ఏ పూట జావ తాగారో, ఎవరి పొట్ట ఎప్పుడు మెత్తబడిందో అడిగితే చెప్పగలదు. అడిగేవారే లేరు.

డాక్టరు ధర్మయ్యది గోదావరి అవతల ఊరు. పేగు మెలిపడి పొట్ట కుండలా ఉబ్బి వచ్చినవాళ్ళకు కోత కోసి ఆ మెలిక విప్పేవాడు. కోత తర్వాత ఎనిమిది రోజులు మనిషి కదలకూడదని ఆయన చదువుకున్నాడు. అది నిజమో కాదో తేల్చుకోవాలని, వచ్చినవాళ్ళలో ఒకరిని ఎనిమిది రోజులు పడుకోబెట్టి, ఆ తర్వాత వచ్చిన ఒకరిని రెండో రోజే లేపి నడిపిస్తూ, ఇలా మార్చి మార్చి చూసే ఏర్పాటు చేశాడు. పేగు కదిలిందనడానికి గుర్తుగా గాలి ఎప్పుడు పోయింది, కూడు ఎప్పుడు దిగింది, ఇంటికి ఎప్పుడు వెళ్ళారు, అన్నీ ఒక పుస్తకంలో రాసుకునేవాడు. పొద్దున్నే రాగానే ఆయన మొదటి మాట "గాలి పోయిందా?" అనే. నర్సు అన్నపూర్ణమ్మ ముక్కు చిట్లించేది. రోగులు దుప్పటి చాటున నవ్వుకునేవారు.

ఏడాదికి ఇరవై నలుగురు అయ్యారు. డాక్టరు పుస్తకం మూసి నిట్టూర్చాడు.

"నడిపించినా అంతే, పడుకోబెట్టినా అంతే. ఇక కుట్లతో చెలగాటమెందుకు? అందరికీ ఎనిమిది రోజుల పడకే. చుట్టాలు దొంగచాటుగా కూడు తేకుండా వెనక తలుపుకు తాళం వెయ్యండి."

నేల తుడుస్తున్న సన్నే చెయ్యి ఆగిపోయింది.

పడుకోబెట్టినవాళ్ళలో చాలామంది అసలు పడుకోలేదు. దోర్లవాళ్ళు గానీ గోండులు గానీ కూడు తినే చోట, కప్పు కింద, పడకలోనే దొడ్డికి పెట్టే పళ్ళెంలో కూర్చోరు. ప్రాణం పోయినా కూర్చోరు. వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటే చూడలేక, తెల్లవారకముందే సన్నే ఒక్కొక్కరిని భుజాన ఆనించుకుని వెనక తలుపు దాటించి చెట్ల చాటుకు నడిపించుకెళ్ళేది. తిరిగి తెచ్చి పడుకోబెట్టి, వాడని పళ్ళేన్ని కూడా కడిగి బోర్లించేది. డాక్టరు అడిగితే "పడుకునే ఉన్నడయ్యా" అనేది. అది పుస్తకంలోకి ఎక్కేది.

తాళం పడిన మర్నాడే కేసాకు కోత అయింది. కట్టెలు కొట్టుకుని బతికే కుర్రవాడు.

"అక్కా, తలుపు తియ్యి. బయటికి పోవాలె."

"తాళం బడ్డది తమ్మీ."

"పళ్ళెం ఉంది గదా, దానికేమైంది?" అంది అన్నపూర్ణమ్మ.

"అంత మంచిదైతే నువ్వే గూసో, నర్సమ్మా."

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. కేసా మాత్రం నవ్వలేదు. బయటికి వెళ్ళే పనే పడకూడదని నీళ్ళు తాగడం మానేశాడు. సన్నే గ్లాసు నోటికి ఆనిస్తే మొహం తిప్పుకున్నాడు. మూడో నాటికి పెదవులు పగిలాయి, పొట్ట బిగిసింది. ఇలాగే ఇంకా ఐదు రోజులుంటే వీడు మిగలడని సన్నేకు తెలుసు.

చేతిలో గ్లాసుతోనే డాక్టరు గదిలోకి వెళ్ళి నిలబడింది.

"డాక్టరయ్యా, మీ పుస్తకం తప్పు."

"ఏమిటీ?"

"పడుకోబెట్టినోళ్ళు పన్నెండు మంది గదా. అండ్ల ఎనమండుగురు నడిసిన్రు. నేనే నడిపిచ్చిన."

ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఏడాది పని! రోజూ నా మొహం చూసి అబద్ధం చెప్పావా? ఈ పూటే నిన్ను పంపించేస్తాను."

సన్నే అక్కడి నుంచి కదల్లేదు.

"పంపుండ్రి. గని ముందు రాసుకోండ్రి, నేను జెప్త. పొజ్జా తాత రెండో పొద్దున గడప దాక పోయిండు, మూడో పొద్దున చెట్ల దాక. ఆ పూటే గాలి పోయింది. నందే గూడ అంతే. నిజంగ పడుకున్నోళ్ళు నలుగురు. పళ్ళెం వాడినోళ్ళు. ఉప్పు సేటుకు గాలి పోవుడు ఐదోనాడు. జంగిల్ గార్డుకు రొమ్ముల గళ్ళ నిండి దగ్గు పట్టింది."

డాక్టరు కోపంగానే పుస్తకం తెరిచాడు. ఆమె చెప్పిన ప్రతి పేరు దగ్గరా వేలు ఆగింది. తేదీలు తప్పలేదు. నిజంగా పడుకున్న నలుగురి పేర్లు విడిగా రాశాడు.

"నలుగురితో ఏమీ తేలదు. మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలి" అన్నాడు. గొంతు తగ్గింది.

"చెయ్యుండ్రి. కేసాకు అంతదాక ఆగే టైం లేదు. తాళంచెవి ఇయ్యుండ్రి."

ఆయన ఇచ్చాడు. ఇవ్వడమే కాదు, వెంట వచ్చాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, కేసా సన్నే భుజం పట్టుకుని మూడడుగులకోసారి ఆగుతూ చెట్ల దాకా వెళ్ళాడు. డాక్టరు గౌరవంగా అటు తిరిగి నిలబడ్డాడు. తిరిగి వచ్చాక కేసా తనే గ్లాసు అడిగి తీసుకున్నాడు. సాయంత్రానికి పొట్ట వదులైంది.

సన్నేను పంపించలేదు. కొత్త పుస్తకం మొదలుపెట్టిన రోజున ఆమె ఒకే మాట పట్టుకుంది.

"ఇగ అబద్ధం జెప్ప. పడుకోబెట్టేటోళ్ళను మాత్రం ముందు అడగాలె. వాళ్ళ బాసల నేనే అడుగుత. ఒప్పుకోనోళ్ళను పడుకోబెట్ట."

"ఎవరూ ఒప్పుకోకపోతే? దేనితో పోల్చను?"

"పడుకున్న నలుగురు ఉన్నరు గద. ఇంకెవరన్న ఒప్పుకుంటె రాసుకోండ్రి."

ఆయన జవాబు చెప్పేలోపే, పొట్ట ఉబ్బిన దేవే అవ్వను బండి మీద తెచ్చి మంచంపైకి దించారు. మూలుగుతున్న ముసలిదాని దగ్గర కూర్చుని, కోత గురించీ, పడక గురించీ, నడక గురించీ సన్నే తమ దోర్లీ భాషలో ఓపికగా చెప్పింది. అవ్వ అంతా విని, పొట్ట పట్టుకుని మంచం మీంచి కాళ్ళు కిందికి దించింది.

"ఏమంటుంది?" అన్నాడు డాక్టరు.

"నడుస్తదంట."

"ముందు నన్ను కొయ్యనివ్వమను!"