ఒకే తీగ మీద ఇరవై కంప్యూటర్లు

కొత్త రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు రాయ్‌పూర్‌లో నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీలో కంప్యూటర్ లాబ్ పెట్టే పని నా మీద పడింది. పడింది అనడం అబద్ధం, నేనే మీద వేసుకున్నాను. ఆ ఊళ్లోనే తెలీబంధా పేటలో మా నాన్న కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి. కొనే పని ఇంకొకరు చేస్తే నాకు అన్నం సహించదు.

ఇరవై కంప్యూటర్లను కలపడానికి రెండు దారులున్నాయన్నాడు డీలరు. ఒక్కోదానికీ విడిగా తీగ లాగి ఒక పెట్టెకు కలపడం ఒకటి. ఒకే తీగను దండలో దారంలా అన్నిటి గుండా పోనివ్వడం రెండోది.

"రెండోది సస్తా, సార్, బాగా చవక. కానీ ఒక్క చోట జాయింటు వదిలినా మొత్తం లైను బంద్."

"ఎందుకు వదులుతుంది?" అన్నాను, సరుకులో లోపం పట్టేసినవాడిలా. రెండోదే తీసుకుని, పైగా ఒక గోడగడియారం ఊరికే రాబట్టాను.

జాయింట్లు రోజూ వదిలేవి. దుమ్ము రాకూడదని చెప్పులు గుమ్మం బయటే విడవాలన్న నియమం నాదే. పిల్లలు బోసికాళ్లతో కూర్చుని, ఆలోచనలో పడితే బొటనవేళ్లతో తీగను మెలితిప్పేవారు. నేను బల్లల కింద పాకుతూ ఒక్కో జాయింటూ నొక్కుకుంటూ పోయేవాణ్ణి. ఆ విద్య ఇంకెవరికీ పట్టుబడలేదు. కొన్నాళ్లు గర్వపడ్డాను కూడా.

రెండేళ్లకు విశాఖలో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. ఇక్కడ నాది ఏటా పొడిగించే కాంట్రాక్టు. సోమవారంలోగా అక్కడ చేరాలి, చేరాలంటే రిలీవింగ్ లెటరు కావాలి. మా హెడ్డు గారు దాన్ని టైపు చేయించి, సంతకం పెట్టకుండా దగ్గర ఉంచుకున్నారు.

"శనివారం ప్రాక్టికల్ పరీక్ష. మీరు లోపలికి రాకుండా లాబ్ నడిస్తే, అక్కడే సైన్ చేస్తా."

బేరం బాగానే ఉందనిపించింది. రైల్వే కాలనీ నుంచి వచ్చే మా తెలుగు అటెండరుకు వారమంతా జాయింట్లు నొక్కడం నేర్పాను.

శనివారం గుమ్మం బయట, చెప్పుల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాను. లోపల కీబోర్డుల చప్పుడు సాగుతోంది. ఉన్నట్టుండి ఆగింది. నేను బేరమాడి తెచ్చిన గడియారం టిక్కుటిక్కు వినిపించింది.

అటెండరు బయటికొచ్చాడు. "మాస్టారూ, అన్నీ నొక్కీసినాను. ఏది వదిలిందో తెల్డం లేదు."

"కిటికీ పక్క మూడోది?"

"అదే గట్టిగా ఉంది. పిల్లల ప్రోగ్రాములన్నీ సర్వర్లోనే ఉండిపోయినాయి. పది నిమిషాలు సూసి, అందరికీ సున్నా ఏసి రైలెక్కీస్తాడంట, ఆ బయటి ఎగ్జామినరు."

వరండా చివర హెడ్డు గారు ఆ లెటరు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నారు. లోపల ఒకమ్మాయి వెక్కుతోంది.

చెప్పులు విడిచాను.

వదిలింది చిట్టచివరి కంప్యూటర్ దగ్గర తీగ కొసన బిగించే మూత; అది వదులైనా లైనంతా బంద్. జాయింట్లన్నీ నేర్పాను, మూత సంగతి చెప్పడం మరిచాను. సగం మెలి తిప్పగానే పైన కీబోర్డులు మళ్లీ మోగాయి. నేను బల్ల కిందే ఉండిపోయాను.

బూట్లు విడవకుండా లాబ్‌లోకి వచ్చేది హెడ్డు గారొక్కరే. ఆ బూట్లు నా ముఖం ముందు ఆగాయి. పైన కాగితం మడిచిన చప్పుడైంది, పెన్ను తీసిన చప్పుడు మాత్రం కాలేదు.

"రెండో బ్యాచ్ రెండింటికి. ఈలోగా చాయ్ తాగి రండి."

బల్ల కింద నుంచే సరే అన్నాను.