మిషన్లకు పెట్టిన బొట్లు

మొన్న పిల్లలను తీసుకుని నాచారంలోని ఆ థియేటర్‌కు వెళ్తే, అద్దాల తలుపు తీయగానే వెన్నలో వేయించిన మక్క పేలాల వాసన చల్లగాలితో కలిసి ముఖానికి తగిలింది. నాకేమో అక్కడ నూనె, పత్తి కలిసిన వాసన రావాలి. ఆ గోడలు మా నాయిన పనిచేసిన నూలు మిల్లువి.

ఏడాదంతా మమ్మల్ని గేటు దాటనివ్వని ఆ మిల్లు ఆయుధపూజనాడు మాత్రం తలుపులు బార్లా తెరిచేది. కడిగి తుడిచిన మిషన్లకు బంతిపూల దండలు, చేతిలో వేడి బూందీ పొట్లం, మిషన్ల వరుసల మధ్య దాగుడుమూతలు; ఇంటికొచ్చాక జుట్టుకు అంటుకున్న పత్తి పోగులు తీస్తూ అమ్మ తిట్లు. ఆరోజు నన్ను భుజాల మీద ఎక్కించుకుని మిల్లంతా తిప్పింది యూనియన్ లీడరు యాదగిరి మామ. చుట్టం కాకపోయినా నాయినకు బావే.

తర్వాత మిల్లు మూతపడింది. మిషన్లు లోపల ఉన్నంతకాలం మళ్లీ పని మొదలవుతుందన్న ఆశతో, అవి బయటికి పోకుండా కార్మికులంతా గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. ఒకరోజు మామ వచ్చి, "మిషన్లు రిపేరుకు పోతున్నయి, మల్ల తెస్తరు. జర నన్ను నమ్మున్రి" అన్నాడు. కాపలా కాసినవాళ్లే వాటిని లారీలకెక్కించారు. మంచి పని మీద పోతున్నాయని కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు కట్టారు. నాయిన మిషనుకు పసుపు, కుంకుమ పెట్టింది నేనే.

అవి తుక్కు కింద అమ్ముడుపోయాయని తెలిసేసరికి టెంటు కూడా లేదు. తెలంగాణ వచ్చే నాటికి మిల్లు థియేటరైంది, అందులో క్యాంటీన్ మామకు దక్కింది. నమ్మించి గొంతు కోశాడు, ఇంకో మాట లేదు. థియేటర్‌లో మొదటి సినిమా ఆడే రోజు పాసులు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు.

నాయిన వాటిని ముట్టుకోలేదు. "మిషన్లు ఎప్పుడొస్తయి బావా?" అని మెల్లగా అడిగాడు.

"గవన్నీ ఇప్పుడెందుకు బావా. పిల్లల్ని తోల్కొని రా, సినిమా సూడు."

ఇప్పుడు సైరన్ లేదు, షిఫ్టు వదిలాక రోడ్డు నిండా సైకిళ్లు లేవు. నాయిన బోడుప్పల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. మామ మాత్రం ప్రతి దసరాకు జమ్మి ఆకు పట్టుకుని వస్తాడు, నాయిన అతన్ని కౌగిలించుకుంటాడు. పెద్దవాళ్ల చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కాలని నాకు నేర్పింది నాయినే. నేను నాయిన కాళ్లు మాత్రమే మొక్కి లోపలికి వెళ్లిపోతాను.