కూచోవద్దన్న మాట

ఆదెన్న ఒకరి మాట వినే మనిషి కాదని ముద్దనూరు చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. అలాంటివాడు జన్మలో ఒక్క మాటను మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ మాటే అతని తుంటిని తినేసింది.

కొన్నేళ్ల కిందట గొర్ల వెనక గుట్ట దిగుతూ జారిపడితే జమ్మలమడుగులో ఎడమ తుంటి మార్చారు. ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరు, "ఇకమీదట నేలమీద కూచోవద్దు పెద్దాయనా," అన్నాడు. ఇంట్లోకి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. కుర్చీ ఇంట్లో, ఆదెన్న చేలల్లో. మంద మేసేచోటికల్లా కుర్చీ ఎవడు మోసుకు తిరుగుతాడు? కాబట్టి అతను కూచోలేదు. పొద్దున మంద తోలింది మొదలు మాపటేళ దొడ్డికి మళ్లేదాకా నిలబడే ఉన్నాడు. నిలబడడమంటే గొర్లకాపరి నిలబడడం. కట్టె గడ్డం కింద ఆనించి, ఎడమకాలు నేలకు నాటి, కుడి పాదం ఎత్తి ఎడమ మోకాటికి తన్నిపెట్టి. అతని నాయన అలాగే నిలబడ్డాడు, తాత కూడా అలాగే. దాన్ని ఎవరూ నేర్పరు, మంద వెనక తిరిగితే అదే వస్తుంది.

నొప్పి మొదలయ్యాక కూడా నోరు విప్పలేదు, మొండి ఘటం. చివరికి పులివెందుల దారిలో, మంద నడుమ, కాలు పట్టు తప్పి కూలబడ్డాడు. భార్య చిన్నసుబ్బమ్మ పొద్దుటూరు ఆసుపత్రికి తీసుకొచ్చింది. డాక్టర్ నందిని ఎక్స్‌రే చూసింది. తుంటిలో అప్పుడు అమర్చిన కృత్రిమ గిన్నె వదులైపోయి వెనకనున్న ఎముకను తొలిచేసిందని, దాన్ని తీసేసి, గిన్నె కూచునే గుంతనే మళ్లీ కట్టాలని చెప్పింది.

"కట్టినాక గొర్ల ఎనక పోవచ్చునామ్మా?" ఆదెన్న అడిగింది అదొక్కటే.

"ముందు ఎముక అతుక్కోనీ. మూడు నెలలు ఆ కాలిమీద బరువు పడకూడదు. పడిందంటే ఇంకోసారి కట్టడానికి అక్కడ ఎముకే మిగలదు. ఆ తర్వాత చూద్దాం."

చూద్దాం అన్న ఆ ఒక్క మాటను పట్టుకుని అతను ఆపరేషన్ బల్ల ఎక్కాడు.

వెన్నులో సూది వేశారు. నడుము కింద మనిషి లేకుండా పోయాడు. అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు. గుడ్డ అవతల సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి, బల్లతోపాటు అతని పళ్లు కూడా అదురుతున్నాయి. పాత గిన్నె ఊడింది. వేరేవాళ్లకు తుంటి మార్చినప్పుడు తీసి దాచిన ఎముకను నలగ్గొట్టి, గోతిలో కంకర పోసి దిమ్మిస కొట్టినట్టు కూరుతున్నారు. పైన ఇనుప జాలీ పెట్టి మరలు బిగిస్తున్నారు. ఇదంతా ఇంకెవరికో జరుగుతున్నట్టు విన్నాడు ఆదెన్న.

"తుంటి ఇంత తొందరగా ఇట్లా పాడవదే. ఈ కాలితో ఏం చేశావు పెద్దాయనా?" గుడ్డ అవతలినుంచి డాక్టరు అడిగింది.

"ఏం చేయల్యామ్మా. కూచోవద్దన్నారు, కూచోల్యా."

"మరి?"

"నిలబడుకోనే ఉన్న్యా. ఈ కాలి మిందనే. గొర్లోల్లం గదా."

సుత్తి ఆగింది.

"కుర్చీలో కూచోమని దానర్థం పెద్దాయనా," అందామె కాసేపటికి. మళ్లీ సుత్తి మొదలైంది.

ఆదెన్నకు ఏడుపు రావాలి, కనీసం కోపమైనా రావాలి. ఏదీ రాలేదు. మత్తు నడుముకిచ్చారు గానీ అది గుండెదాకా ఎక్కిందేమో అనుకున్నాడు.

కాలికి మత్తు దిగింది, నొప్పి వచ్చింది. లోపలి మత్తు మాత్రం దిగలేదు. మర్నాడు చిన్నసుబ్బమ్మ గంజి తాగిస్తూ, మొగం చూడకుండా చెప్పింది. "మందను మీయన్న కొడుకు రామాంజులుకు ఇచ్చేసినా. దువ్వూరు దిక్కు తోలుకపోయినాడు. ఇంగ నీతో కాదప్పా."

"ఊ," అన్నాడు.

"ఏమీ అనిపియ్యల్యా నీకు?"

"ఏం ల్యా."

అబద్ధం కాదు. నిజంగానే ఏమీ అనిపించలేదు.

ఆ మరుసటి పొద్దున నడక నేర్పే శిల్ప వాకర్ తెచ్చింది. బరువంతా కుడికాలి మీదే వేయాలని, ఎడమ పాదం ఊరికే నేలకు తగలాలని రెండుసార్లు చెప్పి, చంకల కింద పట్టి లేపింది. నిలబడ్డాడు. కిటికీ అవతల తుమ్మచెట్ల బీడు. అతని చూపు అక్కడికి పోయింది. చేతులు వాకర్ మీద ఒకదానిమీద ఒకటి చేరాయి, గడ్డం వాటిమీదికి వంగింది. కుడి పాదం మెల్లగా నేల విడిచింది. అతనికి తెలియదు. శిల్పకూ తెలియదు, ఆమె చూపంతా ఎడమకాలి మీదుంది.

మంచం పక్కనున్న చిన్నసుబ్బమ్మకు తెలుసు. ఆమె అరవలేదు. గబగబా వచ్చి, లేచిన ఆ పాదం మీద తన వట్టి పాదం పెట్టి, ఒంట్లో బరువంతా వేసి నేలకు అదిమింది.

"తొక్కుతాండావేందే," అన్నాడు ఆదెన్న.

"తెలుస్తాందా?"

"తెలుస్తాంది. నొస్తాంది."

"నొయ్యనీ."

అతని చూపు బీడు మీంచి ఆమె పాదం మీదికి దిగింది. గడ్డం వణికింది.

"గొర్లు పాయ గదే," అన్నాడు.

ఆమె కాలు తీయలేదు.