ట్రాయ్ మహారాణికి ఏడుపు నేర్పడం

మేముండే ఊరు ట్రాయ్ అని చెప్తే మా చుట్టాలు అదెక్కడ అంటారు. డెట్రాయిట్ పక్కన అంటే ఊరుకుంటారు. పద్నాలుగేళ్లు ఆ ఒక్క జవాబుతోనే నెట్టుకొచ్చాను. గ్రీకు పురాణాల్లో కూడా ఒక ట్రాయ్ ఉందనీ, శత్రువులు దాన్ని పదేళ్లు ముట్టడించి తగలబెట్టారనీ, ఆ ఊరి మహారాణి కన్నబిడ్డలందర్నీ పోగొట్టుకుందనీ నేను పట్టించుకున్నది మా అమ్మాయికి స్కూల్ నాటకంలో ఆ మహారాణి వేషం వచ్చాకే. రాణి పేరుకి మా ఇంట్లో ఎవరి నోరూ తిరగలేదు. అందుకని మహారాణి అనే అనుకున్నాం.

"రాణి కదా, పట్టుచీర ఏదైనా కావాలేమో చూడు," అన్నారు మా ఆయన.

"ఊరు కాలిపోయింది డాడ్. మొదటి సీన్ నుంచీ చిరిగిన దుప్పటే," అంది మా అమ్మాయి.

"ఇంక రాణీ ఎందుకు, దుప్పటీ ఎందుకు," అని ఆయన లాప్‌టాప్‌లోకి వెళ్లిపోయారు.

పిల్లకి పదహారేళ్లు. అంతకుముందు మూడు నాటకాల్లో ఒకసారి చెట్టు, ఒకసారి సిపాయి, ఇంకోసారి గుంపులో మనిషి. ఈ వేషం కోసం ఏడాది ఎదురుచూసింది. పాత కథని వాళ్ల డ్రామా టీచరు తనే పిల్లల కోసం తిరిగి రాసింది. చివరి సీన్‌లో రాణి యుద్ధంలో చచ్చిపోయిన పెద్దకొడుకుని తలుచుకుని ఏడవాలి. ఆ వెంటనే సిపాయిలు ఆఖరి కూతుర్ని ఈడ్చుకుపోతుంటే వెనక నుంచి పిలవాలి. నాటకానికి అదే ఆయువుపట్టు. రిహార్సల్ చూసిన టీచరు, నువ్వు ఏడుస్తుంటే టీవీలో వాతావరణం చదువుతున్నట్టుంది అందట. గురువారానికల్లా కుదరకపోతే ఏడుపు తీసేసి ఆ చోట సంగీతం పెడతానంది.

"ఏడుపు కట్ చేస్తే నాకు ఇంకేం ఉంది మామ్? ఊరికే నిలబడటమే," అంటూ కార్‌లో నిజంగానే ఏడ్చేసింది.

ఇదే ఏడుపు అక్కడ ఏడవరాదూ అన్నాను. ఇల్లు చేరేదాకా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యలేదు. నోటిదురుసు నాకు మా అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

కార్ల కంపెనీలో నా ఉద్యోగం చప్పుళ్లు వినడం. డోర్ వేస్తే ఎక్కడ లొడలొడమంటోంది, డాష్‌బోర్డ్ కింద ఏది కిచకిచమంటోంది కనిపెట్టి చెప్పాలి. కాబట్టి ఇంటికొచ్చాక ఆ సీన్ చేసి చూపిస్తే, మా అమ్మాయి ఏడుపులో ఏది వదులైందో వినగానే తెలిసింది. ఆ పిల్ల గాలిని చూసి ఏడుస్తోంది. ఎదురుగా మనిషి లేడు.

టీచరు చెప్పిన ఇంకో మాట అప్పుడు మా అమ్మాయి మెల్లగా బయటపెట్టింది: మీ ఇంట్లో ఎలా ఏడుస్తారో అడిగి రా.

ఈ విషయంలో నేను అదృష్టవంతురాల్ని. మాది బాపట్ల వైపు క్రైస్తవ కుటుంబం. పరలోకంలో మళ్లీ కలుస్తామని నమ్మేవాళ్లం శోకాలు పెట్టకూడదని పాస్టరుగారు ప్రతి చావు దగ్గరా చెప్పేవారు. మా అమ్మమ్మ ఆయన మాట జవదాటేది కాదు. ఆయన వచ్చేలోపే ఏడవాల్సిందంతా ఏడ్చేసేది. మధ్యలో మామూలు గొంతుతో "పొయ్యి మీద పాలు చూడండే" అని, ఆపిన చోటునుంచే మళ్లీ అందుకునేది.

మా ఆయనకి ఇంట్లో మీటింగ్ ఉందని ఇద్దరం గరాజ్‌లో కూర్చున్నాం. "పోయినవాడితో తగువు పెట్టుకోవాలి. చెప్పకుండా ఎలా వెళ్లావని నిలదీయాలి," అన్నాను. కొంగు లేదు కాబట్టి స్వెటర్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టాను.

"ఎళ్లిపోయావా నాన్నా... పొద్దున అన్నం తినకుండానే ఎళ్లిపోయావా నాన్నా... ఇంత ఊరు ఎవరికి అప్పజెప్పావు నాన్నా..."

"ఆగు మామ్. చచ్చింది కొడుకు కదా. డాడ్ అంటావేంటి?"

"మన దగ్గర అంతే. కొడుకుని నాన్నా అంటాం, కూతుర్ని అమ్మా అంటాం."

"అంటే నువ్వు నన్ను అమ్మా అన్నప్పుడల్లా... అది నన్నా?"

"మరెవర్ని అనుకున్నావు?"

"నీకు బ్యాక్ పెయిన్ అనుకున్నా. 'ఇలా రా అమ్మా' అంటావు కదా. పాపం మామ్ లేవలేకపోతోంది అనుకుని వచ్చేదాన్ని."

కడుపు పట్టుకుని నవ్వాను. ఇన్నేళ్లూ పిలవగానే వచ్చే బంగారుతల్లి అని చర్చిలో అందరికీ చెప్పుకున్నాను మరి. నవ్వాక కాస్త బాధేసింది కూడా. రెండో తరగతి దాకా నన్ను అమ్మా అనే పిలిచేది. ఒకరోజు స్కూల్ బస్ దిగి మామ్ అంది. అప్పట్నుంచీ అదే. దానికోసం పోట్లాడటం ఏం బాగుంటుందని ఊరుకున్నాను గానీ, ఆ పిలుపు పోయిందని నాకు లోపల కొరతగానే ఉండేది.

గురువారం మధ్యాహ్నం ఆఫీస్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. ఏడుపు ఉంచారట, సంగీతం తీసేశారట. కొడుకు కోసం తెలుగులోనే ఏడవమన్నారట. ఆ రోజు చుట్టుపక్కల సీట్లవాళ్లందరికీ నా ఖర్చుతో కాఫీ.

శుక్రవారం సాయంత్రం మొదటి ఆట. మూడో వరసలో కూర్చున్నాం. దుప్పటి కప్పుకుని మా మహారాణి కొడుకుని నిలదీసింది. 'ఎళ్లి' కాస్తా 'ఎల్లి' అయింది గానీ తగువులో లోటు లేదు. మా పక్కన పెద్దావిడ ముక్కు తుడుచుకుంది. ఆవిడకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. నాకు గర్వంతో కుర్చీ చాలలేదు.

అప్పుడు అట్టకత్తుల సిపాయిలు రాజకుమారిని లాక్కుపోయారు. అక్కడ ఇంగ్లీషులో ఏదో అనాలని నాకు తెలుసు. మా అమ్మాయి చెయ్యి చాచి, "అమ్మా," అని పిలిచింది.

దీర్ఘం సరిగ్గా చిన్నప్పటంతే ఉంది.

"ఆఁ... ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాను, గట్టిగా.

ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. మా ఆయన నా మోచెయ్యి గిల్లారు. పిల్ల ఏడాది ఆశ నా నోటితో నేనే మట్టి చేశాను. స్టేజీ మీద మహారాణి ఆగింది. నా వైపు తిరిగింది. కూతుర్ని తీసుకుపోయిన దారి వదిలేసి, చీకట్లో నా గొంతు వచ్చిన వైపే చూస్తూ, ఈసారి మెల్లగా పిలిచింది. లైట్లు ఆరిపోయాయి. చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

తెరవెనక టీచరు నా రెండు చేతులూ పట్టుకుని, ఆ దూరపు గొంతు ఎవరి ఆలోచన అని అడిగింది. నేను సారీ చెప్పేలోపే "నాదే," అంది మా అమ్మాయి, కళ్లు కూడా ఆర్పకుండా. శనివారం ఆటకి కూడా నేను పలకాలని అక్కడికక్కడే తేలిపోయింది.

శనివారం తయారై వెళ్లాను. ఎక్కడ పిలుస్తుందో తెలుసు, ఏమనాలో తెలుసు. "అమ్మా," అంది. శుక్రవారం దానంతటదే వచ్చిన మాట, తయారుచేసుకుని వెళ్తే రాలేదు. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు ఆ గొంతులో కంగారు వినబడింది. చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో నేను కనబడకపోతే అచ్చం అలాగే పిలిచేది.

"వస్తున్నా తల్లీ," అని లేచి నిలబడ్డాను.