చప్పుడు చెయ్యని కంప్యూటర్

మా మేనత్తకు కోపం ఎక్కువని వీధిలో పేరుపడిపోయింది. అది పచ్చి అబద్ధం. కోపం ఎక్కువ నాకు. ఆమెకు గొంతు ఎక్కువ, అంతే. మా నాన్నకూ అంతే. అన్నాచెల్లెళ్లిద్దరూ రేకు డబ్బాలకు మూతలు చేసే షెడ్డులో పనిచేస్తారు. ఆయన మేస్త్రీ, ఆమె ప్రెస్ మిషన్ దగ్గర. ఆ మిషన్ కిందికి దిగినప్పుడల్లా ఎవరో గుండె మీద గుద్దినట్టు ఉంటుంది. అక్కడ మాట్లాడాలంటే అరవాల్సిందే. పొద్దంతా అరిచిన గొంతులు ఇంటికి రాగానే మెత్తబడవు కదా! ఉప్పు అందించమన్నా మా ఇంట్లో తగాదాలాగే వినిపిస్తుంది.

చెవులకు పెట్టుకునే కప్పులు షెడ్డులో లేకపోలేదు. ఓనరు గదిలో అద్దాల బీరువాలో, కవర్లైనా చింపకుండా, భద్రంగా ఉన్నాయి. తనిఖీకి ఎవరైనా వచ్చిన రోజున బయటికి తీస్తారు. వాళ్లు కారెక్కగానే మళ్లీ లోపల పెట్టి తాళం వేస్తారు. ఆ ఓనరును తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. పగిలిపోతాయనా వాటిని దాచింది, అరిగిపోతాయనా?

అత్తకున్న సరదా ఒక్కటే, కంప్యూటర్ ఆట. పని నుంచి రాగానే స్నానం చేసి, మేడ మీద తన గదిలో హెడ్‌సెట్ తగిలించుకుని యుద్ధంలోకి దిగుతుంది. ఆమెది నలుగురి జట్టు. మిగతా ముగ్గురి మొహాలు ఆమె ఎన్నడూ చూడలేదు. వాళ్లు ఆమెను ‘పిల్లి’ అని పిలుస్తారు. గోడ అవతల శత్రువు అడుగు వేస్తే అందరికంటే ముందు పిల్లికి తెలిసిపోయేది. యాభై దాటిన మనిషి "మెట్ల మీద ఇద్దరున్నారు, ఎవరూ కదలకండి!" అని హుకుం జారీ చేస్తుంటే నాకు భలే ముచ్చటేసేది.

ఈమధ్య పిల్లి వరసపెట్టి చచ్చిపోతోంది. ఆట మొదలవగానే పాత కంప్యూటర్ వేడెక్కిపోయి, దాని ఫ్యాన్లు గీపెట్టేవి. లోపలి సామాను మార్పించాలి, తనతో షాపుకు రమ్మంది. బస్సులో అసలు సంగతి చెప్పింది. రెండు చెవులూ దెబ్బతిన్నాయట. సన్నటి శబ్దాలు ఎప్పుడో పోయాయట. హెడ్‌సెట్‌లో సౌండ్ పెంచుకుంటూ పోతే ఉన్నదీ ఊడుతుందని చెవుల డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడట. గది నిశ్శబ్దంగా ఉంటే మాత్రం తక్కువ సౌండ్‌లోనే అడుగులు వినిపిస్తాయి.

"మీ నాన్నకి చెప్పావంటే ఊరుకోను," అంది. "మిషన్ దగ్గర్నించి తీసేసి ప్యాకింగులో కూర్చోబెడతాడు. నా పని నన్ను చేసుకోనీ."

ఈ రహస్యాన్ని సగం బస్సుకు వినిపించేలా చెప్పింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

షాపతను ఆమె వైపు చూడనే లేదు. "ఏ గేమ్స్ ఆడతారు మేడమ్?" అని నన్ను అడిగాడు.

"ఆడేది నేను. ఇటు చూసి మాట్లాడు," అంది అత్త.

అతను ఉలిక్కిపడి, షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దానితో తెర మీద బొమ్మ ఎంత బాగుంటుందో ఏకరువు పెట్టాడు.

"బొమ్మ సంగతి సరే. చప్పుడెంత?"

"గేమింగ్ సిస్టమ్ అన్నాక కొంచెం సౌండ్ ఉంటుంది మేడమ్."

"ఆ కొంచెమే నాకొద్దు."

ఇక ఆమె ఎంచుకోవడం మొదలుపెట్టింది. నడుస్తున్న కంప్యూటర్ల దగ్గరికల్లా వెళ్లి, వంగి చెవి పెట్టింది. గ్రాఫిక్స్ కార్డు మధ్యరకం చాలంది. కరెంటు తక్కువ తాగేది తక్కువ వేడెక్కుతుంది, వేడి లేకపోతే ఫ్యాను ఉరుకులు పెట్టనక్కర్లేదు. ప్రాసెసర్ మీదికి మాత్రం దాన్ని చల్లబరిచే ఇటుకంత కూలర్ కావాలంది. పెద్ద ఫ్యాను నింపాదిగా తిరిగినా సరిపడా గాలి వస్తుంది, అదే గాలికి చిన్నది గింగిరాలు కొట్టాలి. పవర్ సప్లై అవసరానికి మించినది తీసుకుంది, దాని మీద భారం తక్కువైతే అందులో ఫ్యాను తిరగకుండా ఊరుకుంటుందని. ఇక ఇవన్నీ బిగించే డబ్బా. షాపులో ఉన్న డబ్బాలన్నిటినీ వేలితో కొట్టి చూసి, లోపల చప్పుడు మింగే మెత్త అతికించిన నల్లటిదాన్ని ఎంచుకుంది.

"ఇది చూడ్డానికి బీరువాలా ఉంటుంది మేడమ్," అన్నాడు షాపతను దిగులుగా.

"బీరువాలాగే నోరు మూసుకుని పడుండాలి."

అన్నీ బిగించడానికి కొన్నాళ్లు పడుతుందన్నాడు. ఆ కొన్నాళ్లూ అత్త మొహం వెలిగిపోతూనే ఉంది. తీరా అది సిద్ధమైన రోజున, మేం ఇద్దరం పనిలో ఉన్నామని నాన్నే షెడ్డులోంచి ముందుగా బయటపడి తీసుకురావడానికి వెళ్లాడు. అక్కడే కొంప మునిగింది. ఆ నల్లటి డబ్బాను చూడగానే ఆయనకు తల కొట్టేసినట్టయిందట. నా చెల్లెలికి నాసిరకం అంటగడతావా అని షాపతని మీద విరుచుకుపడ్డాడు. అతనికి కావలసిందీ అదేగా! పెద్ద కార్డు, అద్దాల డబ్బా, దాని చుట్టూ రంగురంగుల చిన్న ఫ్యాన్లు. అత్త ఏరుకున్నదంతా తీసేయించి, ఇదంతా దగ్గరుండి పెట్టించుకుని వచ్చాడు నాన్న. మమ్మల్ని ఒక్కమాట అడగలేదు.

దాన్ని బల్ల మీద పెట్టి, మీటను అత్త చేతే నొక్కించాడు. డబ్బా నిండా దీపాలు వెలిగాయి. అత్త హెడ్‌సెట్ పెట్టుకుని ఆటలోకి దిగింది. దిగగానే ఫ్యాన్లన్నీ ఒక్కసారి గోల అందుకున్నాయి. ఆమె సౌండ్ పెంచబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతలోనే వెనక నుంచి ఎవడో వచ్చి కాల్చేశాడు. మళ్లీ దిగింది. మళ్లీ చచ్చిపోయింది.

"బొమ్మ చూడు, ఎలా ఉందో!" అన్నాడు నాన్న మురిసిపోతూ.

నాకు కోపం నషాళానికి అంటింది. "అత్త కోరి ఎంచుకున్నవి ఎవర్నడిగి మార్చావు నాన్నా?"

"మంచివే కదే తెచ్చాను!"

"ఎవరికి మంచివి? ఈ చప్పుడేంటి? ఇక్కడ కూర్చోగలదా మనిషి?"

"చప్పుడా? ఫ్యానన్నాక తిరగదా? అయినా నాకేం వినపడటం లేదే! షెడ్డులో పనిచేసేదానికి ఇదొక లెక్కా?"

ఆయన అరిచాడు, నేను అరిచాను. తెచ్చినవాణ్ని పట్టుకుని ఇన్ని మాటలా అని ఆయన, తెమ్మన్నది తేనప్పుడు ఎందుకు వెళ్లావని నేను. ఆ డబ్బాను ఎత్తి మెట్ల మీంచి కిందికి విసిరేద్దామన్నంత కసి పుట్టింది నాకు. అప్పుడు అత్త హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"నాకు చెవులు పోతున్నాయి అన్నయ్యా."

"ఏంటే?"

ఈ ఫ్యాన్ల గోలలో ఏం వినిపిస్తుందని, నేను విసురుగా వెళ్లి ప్లగ్గు పీకేశాను. దీపాలు ఆరిపోయాయి. గది ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, కింద వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారడం నాకు వినిపించింది.

"నాకు చెవులు పోతున్నాయి," అంది అత్త మళ్లీ, అంతే మెల్లగా.

నాన్న ఆమె వైపు వంగాడు. చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "గొణగకే. గట్టిగా చెప్పు."

నేను మరొక తిట్టు నాలుక చివరిదాకా తెచ్చుకుని, దాన్ని ఎవరి మీద వెయ్యాలో తెలియక నిలబడిపోయాను. అత్త కుర్చీలోంచి లేచింది.

"నీకు కూడానా అన్నయ్యా!" అని అరిచింది.

ఈసారి ఆయనకు వినిపించింది. ఏంటని అడగలేదు. నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని, కంప్యూటర్ వచ్చిన ఖాళీ అట్టపెట్టెను మడతపెట్టడం మొదలుపెట్టాడు.